ఇచ్చిపుచ్చుకునే దానం

చేతిలో నీళ్లు వదిలి ధారపోసిన దాని మీద దాతకు ఇక హక్కు ఉండదని మన నమ్మకం. తిరిగి ఆశిస్తే అది దానమే కాదంటాం. అయితే ఈ మాటకు పక్కనే, వందల ఏళ్లుగా, ఎన్నో దేశాల్లో మరో పద్ధతి నడుస్తూ వస్తోంది. వయసు మళ్లిన మనిషి తన సొమ్ములో కొంత ఒక ధర్మసంస్థకు అప్పగిస్తాడు. అతను బతికి ఉన్నన్నాళ్లూ ఆ సంస్థ ఏటా ఇంత అని చెల్లిస్తుంది. కన్ను మూశాక మిగిలింది సంస్థకు దక్కుతుంది. అమెరికాలో దీన్ని చారిటబుల్ గిఫ్ట్ యాన్యుటీ అంటారు. తెలుగులో స్థిరపడిన పేరేదీ లేదు కాబట్టి ఇక్కడ దానభృతి అని పిలుచుకుందాం.

చూడ్డానికి చిన్న ఏర్పాటే. కానీ పన్ను అధికారికి ఇందులో మినహాయింపు కనిపిస్తుంది, బీమా అధికారికి బీమా వ్యాపారం కనిపిస్తుంది, మార్కెట్ నియంత్రణ సంస్థకు పెట్టుబడి పథకం కనిపిస్తుంది, విరాళాలు సేకరించేవారికి దాత మంచి మనసు కనిపిస్తుంది. నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని లాగడంతో చర్చ చిక్కుపడింది. దానమా, బేరమా అన్న దగ్గరే గిరగిరా తిరుగుతోంది. నిజానికి తేల్చుకోవలసిన ప్రశ్న వేరు: దాత అనుకున్నదానికన్నా ఎక్కువకాలం బతికితే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? పాత చరిత్ర తిరగేసినా, కొత్త తగాదాలు చూసినా చివరికి అక్కడికే వస్తాం.

మఠంలో రొట్టె, తిరుపతిలో ప్రసాదం

8, 9 శతాబ్దాల్లో పశ్చిమ ఐరోపాను ఏలిన ఫ్రాంకుల రాజ్యంలో భూమి ఉన్నవారు తమ పొలాన్ని క్రైస్తవ మఠానికి రాసిచ్చి, జీవితాంతం అనుభవించే హక్కుతో మళ్లీ తీసుకునేవారు. దానికి ప్రెకేరియా అని పేరు. మఠం కొన్నిసార్లు తన భూమిలోంచి కూడా కొంత కలిపి అనుభవానికి ఇచ్చేది. దాత పోయాక రెండూ మఠానివే.

మధ్యయుగాల ఇంగ్లండులో ఇలాంటి ఏర్పాటుకే కొరొడీ అని పేరు. డబ్బో భూమో ఇచ్చినవారికి మఠం జీవితాంతం ఇన్ని రొట్టెలు, ఇంత బీరు, కట్టెలు, ఒక్కోసారి తలదాచుకోవడానికి గది సమకూర్చేది. చేతికి వచ్చిన సొమ్ము ఇట్టే ఖర్చయిపోయేది. రొట్టెలు మాత్రం ఏళ్ల తరబడి పెడుతూనే ఉండాలి. పైగా రాజులు తమ ముసలి నౌకర్లను పైసా ఇవ్వకుండా మఠాలకు అంటగట్టేవారు. ఈ బరువు మోయలేక అప్పులపాలైన మఠాలున్నాయి. 1536 నుంచి 1540 దాకా ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేయించినప్పుడు కొరొడీదారుల గతేమిటన్న ప్రశ్న వచ్చింది. మఠాల ఆస్తుల వ్యవహారం చూడడానికి పెట్టిన కోర్ట్ ఆఫ్ ఆగ్మెంటేషన్స్ అనే ప్రభుత్వ విభాగం వారిలో పలువురికి నగదు పింఛన్లు ఇచ్చింది. సంస్థే కూలిపోతే దాతకు దిక్కెవరన్న ప్రశ్న అంత పాతది.

మన వైపు చూస్తే తిరుమల, తిరుపతి శాసనాల్లో, ముఖ్యంగా విజయనగర కాలపు వాటిలో, విట్టవన్ విళుక్కాడు అనే తమిళ మాట పదేపదే వస్తుంది. దాత వాటా అని అర్థం. భక్తుడు ఇచ్చిన డబ్బుతో ఆలయం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయించేది. పెరిగిన పంటతో ఆ భక్తుడి పేర నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు అతనిది. ఆ వాటాను అతను మరొకరికి ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, సంతానానికి వదలవచ్చు. కాబట్టి ఇది చావుతో ఆగిపోయే భృతి కాదు, తరతరాల హక్కు. అయినా, దానం చేసి ప్రతిఫలం అందుకోవడం మన గడ్డకు పరాయి ఆలోచన అనేవారికి ఈ శాసనాలు కాస్త ఇబ్బంది కలిగిస్తాయి.

ఇస్లామిక్ న్యాయంలో దానభృతికి ఇంకా దగ్గరి చుట్టం ఉంది. హనఫీ సంప్రదాయంలో వక్ఫ్ చేసినవాడు, అంటే ఆస్తిని ధర్మానికి శాశ్వతంగా అంకితం చేసినవాడు, తన జీవితకాలంలో దాని రాబడిని తానే అనుభవించేలా షరతు పెట్టుకోవచ్చు. 1894లో అబుల్ ఫతా కేసులో, అప్పటి మన అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ ఈ దారికి అడ్డుకట్ట వేసింది. రాబడంతా కుటుంబానికే పోతూ, ధర్మం ఎప్పుడో ఎక్కడో పేరుకు మాత్రమే మిగిలే వక్ఫ్ చెల్లదంది. నిరసనలు రేగాయి. మహమ్మదలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో ముసల్మాన్ వక్ఫ్ వాలిడేటింగ్ చట్టమైంది. చిట్టచివరి ప్రయోజనం పేదలకో శాశ్వతమైన ధర్మకార్యానికో చెందేట్టయితే కుటుంబ పోషణకు వక్ఫ్ చేయవచ్చని, హనఫీ అయితే తన సొంత పోషణకు కూడా ఏర్పాటు చేసుకోవచ్చని ఆ చట్టం స్పష్టం చేసింది. 1930లో మరో చట్టం దీన్ని అంతకుముందటి వక్ఫ్‌లకూ వర్తింపజేసింది. ఒక తేడా మాత్రం గమనించాలి. వక్ఫ్‌లో ఆ ఆస్తి మీద వచ్చిన రాబడే దాతకు అందుతుంది. ఆస్తి పండకపోతే దాత పస్తే. దానభృతిలో అలా కాదు. పండినా ఎండినా సంస్థ చెల్లించి తీరాలి.

బొమ్మలిచ్చి భృతి పొందిన చిత్రకారుడు

అమెరికాలో ఈ కథ తరచు జాన్ ట్రంబుల్‌తో మొదలుపెడతారు. అమెరికా స్వాతంత్ర్య సమర ఘట్టాలను గీసి పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడికి ముసలితనంలో చేతిలో డబ్బు ఆడలేదు. 1831లో, 75వ ఏట, తన దగ్గరున్న చిత్రాలను యేల్ కళాశాలకు ఇచ్చి ఏటా 1,000 డాలర్ల భృతికి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ బొమ్మల కోసం కట్టిన గ్యాలరీయే నేటి యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీకి మొదలు. ఆయన 1843లో 87వ ఏట చనిపోయాడు. డబ్బు లేక దానం చేసినవాడు దానభృతి చరిత్రకు ఆదిపురుషుడు కావడం తమాషాగా ఉంటుంది గానీ, ఈ పద్ధతి ఎవరి అవసరం తీరుస్తుందో ఆ తమాషాలోనే ఉంది. ఆస్తి ఉండి, రొక్కం లేనివారికి ఇది.

అదే 1843లో న్యూయార్క్‌లోని అమెరికన్ బైబిల్ సొసైటీ దానభృతులు ఇవ్వడం ప్రారంభించింది. తర్వాత మిషనరీ సంఘాలు, కళాశాలలు అదే బాట పట్టాయి. దాతల కోసం పోటీ పెరిగి, మేం ఎక్కువ శాతం ఇస్తామంటే మేం ఇంకా ఎక్కువ ఇస్తామనే పరిస్థితి వచ్చింది. ఇది ఎటు పోతుందో గ్రహించిన సంస్థలు 1927లో ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని పేరు అమెరికన్ కౌన్సిల్ ఆన్ గిఫ్ట్ యాన్యుటీస్. వయసును బట్టి ఎంత శాతం చెల్లిస్తే క్షేమమో అది ఒక పట్టిక విడుదల చేస్తుంది. పాటించి తీరాలని లేదు. అయినా చాలా సంస్థలు అదే వాడతాయి.

చట్టం తర్వాత వచ్చి చేరింది. 1969 పన్ను సంస్కరణ చట్టం చారిటబుల్ రిమెయిండర్ ట్రస్టు, పూల్డ్ ఇన్‌కమ్ ఫండ్ అనే మరో రెండు రూపాలకు నియమాలు పెట్టింది. 1986 చట్టం, ధర్మసంస్థలు బీమా వ్యాపారం చేస్తే పన్ను కట్టాల్సిందే అంటూ, దానభృతికి మాత్రం వెసులుబాటు ఉంచింది. దానికి షరతులున్నాయి. భృతి ఒకరి లేదా ఇద్దరి జీవితకాలానికే ఉండాలి. భృతి నేటి విలువ ఇచ్చిన ఆస్తి విలువలో 90 శాతానికి లోపే ఉండాలి. అంటే కనీసం పదో వంతైనా నికరంగా దానం కావాలి.

70 ఏళ్ల దాత, లక్ష డాలర్లు

వాదాల్లోకి వెళ్లేముందు లెక్క చూడడం మంచిది. ఈ విషయంలో ఆవేశపడేవారిలో ఎక్కువమంది లెక్క వేసి చూసినట్టు కనిపించరు.

2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కౌన్సిల్ పట్టిక ప్రకారం 65 ఏళ్ల వ్యక్తికి 5.7 శాతం, 70కి 6.3, 80కి 8.1, 90 దాటితే 10.1 శాతం. 70 ఏళ్ల దాత లక్ష డాలర్లిస్తే ఏటా 6,300 డాలర్లు వస్తాయి. ఎన్నేళ్లయినా అంతే, పెరగదు, తగ్గదు. దాత పోయేనాటికి సగటున ఇచ్చిన మొత్తంలో సగం సంస్థకు మిగలాలన్నది ఈ పట్టిక వెనకున్న లక్ష్యం.

ఖర్చులు పోను సంస్థకు ఏటా 4.75 శాతం రాబడి వస్తుందనుకుందాం. ఏడాది చివర భృతి చెల్లిస్తుందనుకుందాం. దాత 80వ ఏట పోతే సంస్థ దగ్గర సుమారు 80,700 డాలర్లు మిగులుతాయి. 90వ ఏట పోతే దాదాపు 50,000. నిండు నూరేళ్లూ బతికితే 1,400 కూడా మిగలవు. ఆపైన ప్రతి చెక్కూ సంస్థ సొంత జేబులోంచే. ఇప్పుడు రాబడిని 3 శాతానికి తగ్గించి చూడండి. 90వ ఏటికే 11,300 డాలర్లు మిగులుతాయి, మరో రెండేళ్లకు అదీ కరిగిపోతుంది. ఆయుష్షు ఎంత ముఖ్యమో రాబడీ అంతే ముఖ్యం. అందుకే పట్టిక ఎప్పటికప్పుడు మారుతుంది. వడ్డీలు అడుగంటిన 2020 జులైలో అదే 70 ఏళ్ల దాతకు 4.7 శాతమే ఇమ్మని కౌన్సిల్ సూచించింది. మూడున్నరేళ్ల తేడాలో భృతి 1,600 డాలర్లు పెరిగిందన్నమాట. 2020లో చేరినవారి భృతి మాత్రం చచ్చేదాకా పాత లెక్కే.

సగం మిగులుతుంది అన్న మాటనూ కాస్త గిల్లి చూడాలి. 20 ఏళ్ల తర్వాత అందే 50,000 డాలర్లకు అదే 4.75 శాతం లెక్కన నేటి విలువ 20,000 లోపు. ప్రచార పత్రంలో లక్ష అని కనిపించే దానం సంస్థకు నిజంగా చేసే మేలు అందులో ఐదో వంతు. దానం కానిదేమీ కాదు, కానీ లక్ష డాలర్ల దానం కాదు.

ఆయుష్షును పందెం కట్టడం ఎంత ప్రమాదమో ఫ్రాన్స్‌లో ఆర్ల్ పట్టణపు జాన్ కల్మాఁ కథ చెబుతుంది. అది దానం కాదు, అచ్చమైన అమ్మకం. 1965లో, 90 ఏళ్ల వయసులో, ఆమె తన ఇంటిని ఒక నోటరీకి జీవితకాల భృతి మీద అమ్మింది. ఆయన నెలనెలా 2,500 ఫ్రాంకులు కట్టాలి, ఆమె పోయాక ఇల్లు ఆయనది. 30 ఏళ్లు కట్టి 1995లో ఆయనే పోయాడు. ఆయన భార్య కడుతూ వచ్చింది. కల్మాఁ 1997లో 122వ ఏట కన్నుమూసింది. ఒక్క మనిషి మీద పందెం కాసిన ఒక్క మనిషికి ఆ గతి పట్టింది. వెయ్యిమంది దాతలున్న విశ్వవిద్యాలయానికి ఎక్కువ బతికినవారి నష్టాన్ని తక్కువ బతికినవారి మిగులు పూడుస్తుంది. ఐదారుగురు దాతలున్న చిన్న సంస్థకు ఆ నోటరీకీ తేడా లేదు.

మూడు పక్షాలు

మొదటి పక్షం దానాలు సేకరించేవారిది. వీరి దృష్టిలో ఇది ముమ్మాటికీ దానమే. బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొంటే ఇంతకన్నా ఎక్కువ భృతి వస్తుంది. అది తెలిసే దాత తక్కువకు ఒప్పుకుంటాడు, ఆ తేడాయే దానం అంటారు. వృద్ధులు దానానికి వెనకాడేది లోభంతో కాదు, రేపు ఆసుపత్రి ఖర్చొస్తే ఏం చేయాలన్న భయంతో. ఆ భయం తీర్చితే చేయి విప్పుతారు. వీలునామాలో రాస్తే రేపు మార్చేయవచ్చు, ఇది మార్చలేనిది. పన్ను రాయితీ కూడా దాన భాగం వరకే దొరుకుతుంది, ఇచ్చిన మొత్తానికి కాదు. ఈ చివరి మాట ఈ పక్షానికి బలమైన ఆధారం. దానాన్నీ బేరాన్నీ పన్ను చట్టమే కత్తితో కోసినట్టు విడదీసినప్పుడు ఇంకా మోసమెక్కడుందని వారి ప్రశ్న.

రెండో పక్షం బీమా నియంత్రకులది. మీరు ప్రేమతో ఇచ్చినా, భక్తితో ఇచ్చినా, జీవితాంతం చెల్లిస్తానని మాటిచ్చిన క్షణాన మీరు బీమా కంపెనీ చేసే పనే చేస్తున్నారంటారు వీరు. కాబట్టి భవిష్యత్తు చెల్లింపులకు సరిపడా నిధిని విడిగా ఉంచాలి, లెక్కలు చూపాలి. న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాల చట్టాలు ఈ ధోరణిలోనే కఠినంగా ఉంటాయి. కొన్ని రాష్ట్రాలు ఒక తెలియజేత పత్రంతో సరిపెట్టుకుంటాయి. ఒకే దాన ఒప్పందానికి రాష్ట్రం దాటితే రక్షణ మారిపోవడం ఈ రంగంలో ఇప్పటికీ తెగని తలనొప్పి.

మూడో పక్షం ధర్మరంగం లోపలి సంశయవాదులది. వీరి గొంతు చిన్నదే అయినా వినదగింది. సంస్థకు డబ్బు కావలసింది ఈరోజు. దానభృతి ఇచ్చేది 20 ఏళ్ల తర్వాత. ఈలోగా ఖాతాల నిర్వహణ, పెట్టుబడుల పర్యవేక్షణ, చెక్కుల పంపిణీ. ఆసుపత్రి నడపాల్సిన సంస్థ పింఛను ఆఫీసు నడపాల్సి వస్తుంది. విరాళాల సేకరణ విభాగం తన ఏడాది లక్ష్యంలో పూర్తి లక్ష చూపించుకుంటే, అకౌంట్స్ విభాగం అందులో కొద్ది భాగాన్నే ఆదాయంగా రాస్తుంది. అంకెల మధ్య ఈ అగాధం మీద అమెరికా ధర్మసంస్థల్లో ఏళ్లుగా వాదన నడుస్తోంది.

మొదటి రెండు పక్షాలూ ఒకదాన్నొకటి శత్రువుగా చూసుకోవడం అనవసరమనిపిస్తుంది. దాత మనసు దానమే కావచ్చు, సంస్థ బాధ్యత బీమాయే కావచ్చు. ఒకే కాగితం మీద రెండు పనులు జరిగినప్పుడు రెండు చట్టాలూ వర్తించడంలో వింతేముంది? గట్టి సమాధానం రావలసింది మూడో పక్షానికి, అదే రాలేదు.

కోర్టుకెక్కిన దానం

1990ల మధ్యలో టెక్సాస్‌లో ఒక దావా ఈ రంగాన్ని మొత్తం కుదిపేసింది. సంస్థలన్నీ కలిసి ఒకే పట్టిక పాటించడం ధరల కుమ్మక్కు అని, దానభృతులు రిజిస్టర్ కాని సెక్యూరిటీలని, అంటే పెట్టుబడి పత్రాలని ఆరోపణ. దశాబ్దాలుగా దాతలకు మేలు చేస్తున్నామనుకుంటున్న కౌన్సిల్ ఒక్కసారిగా ముఠాగా బోనెక్కింది. అమెరికా కాంగ్రెస్ అసాధారణమైన వేగంతో కదిలింది. 1995 డిసెంబరులో రెండు చట్టాలు వచ్చాయి: ఒకటి సెక్యూరిటీస్ నిబంధనల నుంచి, మరొకటి పోటీ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అవి చాలక 1997లో మరో చట్టం చేశారు. మోసానికి మాత్రం మినహాయింపు లేదు, దాతకు వివరాలు రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు ఉంది.

ఆ షరతు ఎందుకు పెట్టారో కొన్నేళ్లకే తెలిసొచ్చింది. అరిజోనాలో మిడ్ అమెరికా ఫౌండేషన్ అనే సంస్థ 1996 నుంచి 2001 దాకా వందలాది దానభృతులు అమ్మి 5 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. అమ్మిపెట్టిన ఏజెంట్లకు కమీషన్లు ముట్టాయి. కొత్తవారి డబ్బుతో పాతవారికి చెల్లించే గొలుసు మోసం అది. కూలిపోయాక కోర్టు నియమించిన రిసీవర్ ఆ కమీషన్ల మీద పడ్డాడు. 2009లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది: ఈ సంస్థ వీటిని దానంగా కన్నా పెట్టుబడిగా చూపించి అమ్మింది, కాబట్టి ఇవి సెక్యూరిటీలే.

దానమా, పెట్టుబడా అన్నది ఒప్పందం రూపాన్ని బట్టి కాక, అమ్మిన తీరును బట్టి తేలుతుందన్నమాట. కమీషన్ తీసుకుని దానం చేయించేవాడు ఎవరైనా ఉంటే అక్కడ దానం ముందే ఆవిరైందని కోర్టు చెప్పకపోయినా, ఆ తీర్పు చదివినవారికి అలాగే అనిపిస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

దానభృతికి పోటీగా మూడు, నాలుగు దారులున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడడం కూడా ఈ చర్చ చిక్కుపడడానికి ఒక కారణం.

చారిటబుల్ రిమెయిండర్ ట్రస్టులో ఆస్తి సంస్థకు కాక ప్రత్యేక ట్రస్టుకు వెళ్తుంది. ఏటా కనీసం 5 శాతం దాతకు చెల్లించాలి, చివర మిగిలే భాగం నేటి విలువ కనీసం 10 శాతం ఉండాలి. ఏటా ఆస్తి విలువ కట్టి అందులో ఇంత శాతం ఇచ్చే రకంలో మార్కెట్ పెరిగితే భృతి పెరుగుతుంది, పడితే తగ్గుతుంది. స్థిర మొత్తం ఇచ్చే రకంలో ట్రస్టు సొమ్ము అయిపోతే భృతీ అయిపోతుంది. సంస్థకు సంబంధం లేదు. రిస్కు దాతదే. లాయర్ ఫీజులు, ఏటేటా రిటర్నులు ఉంటాయి కాబట్టి ఇది పెద్ద ఆస్తులవారికి సరిపోయే దారి. పూల్డ్ ఇన్‌కమ్ ఫండ్ చాలామంది దాతల సొమ్మును కలిపి, వచ్చిన రాబడిని వాటాల ప్రకారం పంచుతుంది. వడ్డీలు తగ్గాక దానికి గిరాకీ పడిపోయింది.

దానభృతి ఒక్కటే సంస్థ యావదాస్తి మీద హామీతో వస్తుంది. దాత ఇచ్చిన లక్ష ఖర్చయిపోయినా బాధ్యత పోదు. చిన్న మొత్తానికి, తేలికగా కుదురుతుంది. అమెరికాలో దాతల సర్వేల్లో స్త్రీలే ఎక్కువగా కనిపించడానికి కారణం కొంతవరకు ఇదే కావచ్చు. అయితే ఆ హామీ సంస్థ ఎంత గట్టిదో అంతే గట్టిది. సంస్థ దివాలా తీస్తే దాత మామూలు అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. ఇక అన్నిటికన్నా సాదా దారి వేరే ఉంది: దానం చేయదలచినంత ఇప్పుడే పూర్తిగా ఇచ్చేసి, భృతి కావాలంటే మిగతాది బీమా కంపెనీ దగ్గర పెట్టడం. ఐదో వంతు నికర దానం కోసం ఐదు వంతుల తతంగం దేనికని అడిగేవారికి దానాలు సేకరించేవారు చెప్పే జవాబు ఒక్కటే: అలా విడదీసి ఆలోచించే దాత అరుదు.

మన చట్టంలో చోటెక్కడ

భారతదేశంలో నేడు అచ్చమైన దానభృతికి దారి లేదనే చెప్పాలి. మూడు తలుపులు మూసి ఉన్నాయి. 1938 బీమా చట్టం జీవిత బీమా వ్యాపారాన్ని నిర్వచిస్తూ మనుషుల ఆయుష్షు మీద యాన్యుటీలు ఇవ్వడాన్ని కూడా అందులో చేర్చింది. ఆ వ్యాపారం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్, ట్రస్టు ఆదాయం స్థాపకుడికో పెద్ద దాతకో వారి బంధువులకో ప్రయోజనం చేకూరిస్తే పన్ను మినహాయింపు పోతుందంది. విరాళాల మీద ఇచ్చే 80జీ పన్ను రాయితీ ప్రతిఫలం ఆశించని డబ్బు విరాళానికే. షేర్లో పొలమో ఇస్తే వర్తించదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గానీ ఈ అడ్డంకుల స్వభావం మారలేదు. అమెరికాలో దాతను ఇటు నెట్టే మరో పెద్ద శక్తి, చనిపోయినవారి ఆస్తి మీద పడే ఎస్టేట్ పన్ను. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది.

ఇదే అవసరం మన దగ్గర కుటుంబం లోపల తీరుతోంది, లేదా తీరడం లేదు. ఆస్తి పిల్లలకు రాసిచ్చి, వాళ్లు చూసుకుంటారనుకునే పద్ధతి దానభృతికి మన ఇంటి రూపం. అది బెడిసికొట్టే సందర్భాల కోసమే 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ వచ్చింది. చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తి, ఆ షరతు తప్పితే రద్దవుతుంది. ఆ షరతు దస్తావేజులో ఉండి తీరాలా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో ఒక తీర్పు షరతు రుజువు కావాలని పట్టుబట్టింది. 2025 జనవరిలో మరో తీర్పు వృద్ధుల పక్షాన చట్టాన్ని ఉదారంగా చదవాలంది. 2007-08 బడ్జెట్ తర్వాత వచ్చిన రివర్స్ మార్ట్‌గేజ్ కూడా ఇంటిని ఆదాయంగా మార్చే ప్రయత్నమే. ఇల్లు బ్యాంకుకు పోతుందంటే ఒప్పుకునేవారు తక్కువ కావడంతో అది పుంజుకోలేదు. అదే ఇల్లు గుడికో బడికో పోతుందంటే ఒప్పుకుంటారా? ఈ ప్రశ్నను మన విధానకర్తలు ఎవరూ గట్టిగా వేసినట్టు లేదు.

దానభృతితో సూటిగా పని పడుతున్న తెలుగువారు అమెరికాలో ఉన్నారు. 1960ల చివర, 70ల్లో వలస వెళ్లిన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నారు. 2022 డిసెంబరులో వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం, 70 ఏళ్ల 6 నెలలు నిండినవారు తమ ఐఆర్‌ఏ అనే పదవీ విరమణ పొదుపు ఖాతా నుంచి జీవితంలో ఒక్కసారి 50,000 డాలర్ల దాకా దానభృతికి మళ్లించే వీలు కల్పించింది. ధరల సూచీతో పాటు ఆ పరిమితి 2025లో 54,000 అయింది. అక్కడి ఆలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వాలంటే చిక్కు లేదు. సొంత ఊళ్లోని సంస్థకు చేరాలంటే మధ్యలో అమెరికా సంస్థ ఉండాలి, ఇక్కడ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంటుంది. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడమే నిషిద్ధం. ఎవరి పేరు మీద వస్తే వారే ఖర్చుపెట్టాలి. 20 ఏళ్ల తర్వాత మిగులు చేరే నాటికి ఆ ఊరి సంస్థ రిజిస్ట్రేషన్ బతికి ఉంటుందో లేదో ఆయుష్షు లెక్కలు కట్టే ఏ యాక్చువరీ లెక్కగట్టలేడు.

తేలని సంగతులు

భద్రత సంగతి కొంత తేలింది. బీమా చట్టాల మాదిరి నిధి నిల్వలు అవసరమని పెద్ద సంస్థలు ఒప్పుకుంటున్నాయి. కొన్ని సంస్థలు తమ భారాన్ని బీమా కంపెనీకి అప్పగిస్తూ వాణిజ్య యాన్యుటీ కొనేస్తున్నాయి. దాంతో రిస్కు పోతుంది, కానీ మిగులూ తగ్గుతుంది. చిన్న సంస్థలు ఈ పని అసలు చేయవచ్చా అన్నది మాత్రం తేలలేదు. దాన భాగానికే రాయితీ అన్న సూత్రం మీద పెద్దగా గొడవ లేదు. ఆ రాయితీ వల్ల ప్రభుత్వం వదులుకున్న పన్నుకు తగిన ధర్మం జరుగుతోందా అన్నదాని మీద ఉంది. జబ్బుపడినవారు వీటి జోలికి రారు, దీర్ఘాయుష్షు మీద నమ్మకమున్నవారే వస్తారు. ఆ మేరకు సగటు ఆయుష్షు లెక్కలు సంస్థకు ఎప్పుడూ తక్కువే చెబుతాయి. ఆయుష్షు ఇంకా పెరిగితే, ఆ 50 శాతం లక్ష్యం నిలుస్తుందా?

వీటన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది ధరల పెరుగుదల. సంస్థ నష్టపోకుండా ఎంత జాగ్రత్త తీసుకున్నారో, దాత నష్టపోకుండా అంత తీసుకోలేదు. 70 ఏళ్ల దాతకు వచ్చే 6,300 డాలర్లు, ధరలు ఏటా 3 శాతం పెరిగితే, 90వ ఏటికి నేటి 3,500 కిందకు పడిపోతాయి. ఇచ్చిన ఆస్తి రాబడిని బట్టి భృతిని సవరించే ఒప్పందం కుదరదని చట్టం అంటోంది. ముందే నిర్ణయించిన స్థిరమొత్తమే ఇప్పటికీ వాడుక. మందుల ఖర్చు ఎక్కువయ్యే వయసుకే భృతి చిక్కిపోతుంది.

ఇంగ్లండు మఠం కొరొడీదారుకు ఈ బెంగ లేదు; అతనికి రావలసింది రొట్టె. తిరుపతి దాతకూ లేదు. శాసనంలో చెక్కింది ప్రసాదంలో నాలుగో వంతు గానీ, ఇన్ని నాణేలని కాదు. బియ్యం ధర ఎంత పెరిగినా అతని వాటా అన్నం అంతే ఉండేది.